నార్మల్ అని వచ్చిన చెయ్యి

ఇరవయ్యారేళ్ళుగా ఊరూరా తిరిగి జనం ఒంటి మీద మచ్చలు చూసిన కళ్ళు రత్నమాణిక్యానివి. ఆ కళ్ళు అబద్ధం చెబుతున్నాయా, లేక ప్రాజెక్టు వాళ్ళిచ్చిన ఈ బుల్లి ఫోను అబద్ధం చెబుతోందా అన్నది ఆ పొద్దున ఆమెకు బొత్తిగా అంతుపట్టలేదు.

ఫోనులో మెసేజి మూడు ముక్కలు. కేసు నాలుగు నార్మల్.

కేసు నాలుగంటే సత్తెమ్మ. ఆ సత్తెమ్మ ఎదురుగానే ఉంది, గుల్లలంకలో తన పాక ముందు పీట వేసుకుని. చేపల చెరువుల మీద కూలి ఆమెది. పట్టుబడి రోజున వలలోంచి పడ్డ చేపల్ని ఏరి, ట్రేలలో సర్ది, పైన ఐసు కప్పాలి. నలభై దాటలేదు. మొగుడు చెరువు గట్టు మీద తక్కువ జీతానికి కాపలా ఉంటాడు కాబట్టి ఇంటికి వచ్చే కూలి డబ్బుల్లో సగం పైగా సత్తెమ్మ రెండు చేతులవే.

"ఏమన్నారండీ డాక్టరుగారు?" అంది సత్తెమ్మ.

"ఏమీ లేదంటున్నారే."

"ఆయ్! నే చెప్పలేదాండీ? ఎండకి పేలిందండీ అంటే విన్నారు కాదు. అనవసరంగా కంగారు పడిపోయారు."

"ఉండవే. చెయ్యి ఇలా పెట్టు."

ఎడమ ముంజేతి మీద రాగిరంగు మచ్చలు, ఒకటి రూపాయి బిళ్ళంత, మిగిలినవి అంతకంటే చిన్నవి. భుజం మీదా వీపు మీదా ఇంకో అయిదారు. సత్తెమ్మను కళ్ళు మూసుకోమని మాణిక్యం దూదిపింజతో మచ్చ మీద తాకింది. తాకిన చోట వేలు పెట్టి చూపించాలి. సత్తెమ్మ కళ్ళు మూసుకునే ఉంది, "ఇంకా పెట్టలేదాండీ?" అంటూ. మోచేతి వెనక నరం లావెక్కి వేలి కింద తాడులా దొర్లుతోంది. చివరగా చిటికెన వేలికీ ఉంగరం వేలికీ మధ్య కాగితం ముక్క పెట్టి, గట్టిగా పట్టుకోమని లాగింది. వెన్నలోంచి వెంట్రుక తీసినట్టు వచ్చేసింది.

దీన్ని నార్మల్ అంటారా?

ఆ కాగితమే మాణిక్యానికి అసలు దిగులు. నరం చచ్చిపోతోంది. ఇంకో రెండు మూడు నెలలు మందు పడకపోతే ఆ రెండు వేళ్ళూ కొక్కెంలా వంగిపోతాయి. అలా వంగి బిగిసిన వేళ్ళను మళ్ళీ ఏ మాత్రా సాగదియ్యలేదు. చేతిలోంచి జారే చేపను పట్టలేని మనిషికి కొల్లేట్లో పని ఎవరిస్తారు?

ఒకప్పుడైతే ఇంత రామాయణం లేదు. మాణిక్యం చూసి కార్డు రాసేది, మాత్రల అట్ట చేతిలో పెట్టేది. తరవాత పైవాళ్ళు ఈ జబ్బు దేశంలో దాదాపు పోయినట్టేనని ప్రకటించారు. ఆ డిపార్టుమెంటును మిగతావాటిలో కలిపేశారు, మాణిక్యాన్ని పోలియో చుక్కలకీ దోమల మందుకీ తిప్పారు. జబ్బుకి మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. కొత్త కేసు రాయాలంటే ఇప్పుడు డాక్టరు సంతకం ఉండాలి, ఆ చుట్టుపక్కల ఆస్పత్రిలో డాక్టరు కుర్చీ రెండేళ్ళుగా ఖాళీ. అందుకే రెండువేల ఎనిమిదిలో ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్ళు వచ్చి కెమెరా ఉన్న ఫోను చేతిలో పెట్టి, "మీరు ఫొటో తీసి పంపండి, హైదరాబాదులో చర్మం డాక్టరమ్మగారు చూసి చెబుతారు, ఆవిడ మాటే సంతకం" అన్నప్పుడు మాణిక్యం ఎంత సంతోషించిందో చెప్పలేం. యాభై రెండేళ్ళ మనిషి, ముఖం నిండా చిన్నప్పటి అమ్మవారి మచ్చలు, ఆ ఫోను పట్టుకుని చంటిపిల్లలా మురిసిపోయింది.

"పోనీ ఏలూరు పెద్దాసుపత్రికి రావే, నేను తీసుకెళ్తాను," అంది సత్తెమ్మతో.

"ఫోనే నార్మలన్నాక ఆసుపత్రెందుకండీ?" అంది సత్తెమ్మ. రైకచెయ్యి కిందికి లాక్కుని పనికి వెళ్ళిపోయింది.

*

మొదట్లో ఫొటోలు ఫోనులోంచే పంపేది. లంక గ్రామాల్లో సిగ్నలు ఒక గట్టు మీద ఉంటే ఇంకో గట్టు మీద ఉండదు. వెళ్ళిన ఫొటో కూడా అక్కడికి చేరేసరికి గోరంత అయిపోయేది. డాక్టరమ్మగారు మర్యాదగానే, ఏమీ కనబడడం లేదు, పెద్ద ఫొటో ఈమెయిల్లో పంపండి అన్నారు. నెట్ సెంటర్లో పంపుదామని వెళితే అక్కడ గదినిండా కాలేజీ కుర్రాళ్ళు. పరాయి ఆడవాళ్ళ వీపులూ భుజాలూ వాళ్ళ మధ్య తెరవడానికి మాణిక్యానికి మనసొప్పలేదు.

అప్పుడు గుర్తొచ్చినవాడు మీరావలి. ఏలూరు పవర్‌పేటలో ఆయన ఫొటో స్టూడియో ముప్పై ఏళ్ళ నాటిది. నెగెటివ్‌ని అద్దం బల్ల మీద పెట్టి, కింద దీపం వెలిగించి, సన్నగా చెక్కిన పెన్సిలుతో మొటిమలు పూడ్చే రోజుల నుంచీ ఉన్న మనిషి. అరవై దగ్గర పడుతుండగా కంప్యూటరు కొని, నేర్చుకుని, ఇంటర్నెట్టు కూడా పెట్టించాడు. మాణిక్యం మెళ్ళో వేలాడే గుర్తింపు కార్డు మీది ఫొటో ఆయన తీసిందే. ఆ ఫొటో అంటే ఆమెకు లోలోపల మహా ఇష్టం. భర్త అహరోను మాత్రం, "మన పెళ్ళినాడు కూడా నువ్వింత బాగా లేవు," అని ఏడిపిస్తూ ఉంటాడు.

"ఆఫీసు ఫొటోలండీ, హైదరాబాదు పంపాలి," అంది మాణిక్యం మెమరీ కార్డు ఇస్తూ. "ఆడవాళ్ళవి. బయటికి పోకూడదు."

"ముప్పై ఏళ్ళుగా ఈ ఊరి ఆడపిల్లల పెళ్ళిచూపుల ఫొటోలన్నీ నా చేతుల్లోంచే పోయాయండీ. ఒక్కటైనా బయట పడిందని విన్నారా మాణిక్యమ్మగారూ?" అన్నాడు మీరావలి. "కార్డు ఇక్కడ పెట్టి వెళ్ళండి. సాయంత్రానికల్లా పంపించేస్తాను. మీరు నిశ్చింతగా ఉండండి."

మామూలుగా ఈ ప్రాంతం వాళ్ళు బస్సులో పక్కసీటు మనిషి జీతమెంతో, పిల్లలెందరో కనుక్కునేదాకా ఊరుకోరు. కానీ ఆడవాళ్ళ ఫొటోల దగ్గరికొచ్చేసరికి మీరావలి నోరు కుట్టేసుకుంటాడు. చేతులేమిటి, వీపులేమిటి, ఎందుకు పంపుతున్నారు అని ఒక్క మాట అడగలేదు. మాణిక్యం కూడా చెప్పలేదు. కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు ట్రైనింగులో ముసలి మాస్టారొకాయన నేర్పిన మాట అది: జబ్బు పేరు మన నోట్లోంచి బయటపడితే రోగి ఊళ్ళోంచి బయటపడతాడు. ఇరవయ్యారేళ్ళలో ఆమె ఆ పేరు మూడో మనిషి ముందు పలకలేదు. కట్టుకున్న మొగుడికి కూడా "నా మచ్చల పని" అనే చెబుతుంది.

అప్పటినుంచి వారానికోసారి కార్డు స్టూడియోలో ఇవ్వడం, మర్నాడు ఖాళీ చేసిన కార్డు తెచ్చుకోవడం అలవాటయిపోయింది.

*

నార్మల్ మెసేజిని మాణిక్యం అంత తేలిగ్గా వదల్లేదు. సత్తెమ్మను బతిమాలి, మళ్ళీ ఎండలో నిలబెట్టి, చెయ్యి మీద నీడ పడకుండా రెండో ఫొటో తీసింది. మచ్చల మీద స్పర్శ లేదని విడిగా మెసేజి కూడా పెట్టింది. వారానికి జవాబు వచ్చింది. ఫొటోలో మచ్చలే లేవు, స్పర్శ పరీక్ష జాగ్రత్తగా మళ్ళీ చెయ్యండి.

మచ్చలే లేవట!

ఫొటోలు మారిపోయాయేమో అనుకుంది. కాదు, నంబర్లన్నీ సరిగ్గా ఉన్నాయి. డాక్టరమ్మకు చూడడం రాదేమో అనుకుంది. అదీ కాదు, ఉంగుటూరు దగ్గర ఒక ముసలాయన కాలు ఫొటో పంపితే బోదకాలని వెంటనే చెప్పి, కాలు ఎలా కడుక్కోవాలో, ఎలా ఎత్తి పెట్టుకోవాలో వివరంగా రాశారు. చూడడం రానివాళ్ళు అలా రాయరు. ఇక మిగిలింది తన కళ్ళే.

నెలాఖరుకి ప్రాజెక్టు ఆఫీసు నుంచి చలపతిరావు గారు పిలిపించారు. ఫీల్డు వాళ్ళందరికీ ఆయనే పైఆఫీసరు. ఎంత మెత్తగా మాట్లాడతాడంటే, తిట్టాడని తెలుసుకునేసరికి మనిషి ఇంటికి చేరిపోతుంది.

"తప్పుగా అనుకోకండి మాణిక్యమ్మగారూ. మీరు ఏడుగురిని పంపారు. బోదకాలు ఒక్కటే తేలింది. మిగతా ఆరుగురికీ ఏమీ లేదంట. మీ అనుభవాన్ని కాదనేవాళ్ళెవరూ లేరండీ. కానీ వయసన్నాక... కళ్ళు ఓసారి చూపించుకుంటే మంచిదేమో?"

"ఆరుగురికీ లేదా అండీ?"

"ఇదిగో నెల రిపోర్టు, కలర్లో తీయించాను. ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి."

ఆ కాగితాలు విప్పి చూసే ధైర్యం లేక అలాగే మడిచి సంచీలో కుక్కుకుంది. బయటికొచ్చి రిక్షా స్టాండు దగ్గర కాసేపు ఊరికే నిలబడింది. ఇన్నేళ్ళలో ఎంతమందికి కార్డులు రాసింది! వాళ్ళందరికీ నిజంగా జబ్బుందా? లేనివాళ్ళకి మందులు మింగించిందా?

ఆ ఆదివారం తాడేపల్లిగూడెంలో చెల్లెలింటికి వెళ్ళి, అక్కడి కళ్ళ డాక్టరుకి చూపించుకుంది. దగ్గరివి చదవడానికి కొంచెం పవరు పెరిగిందన్నాడు, అంతకుమించి ఏమీ లేదన్నాడు. కొత్త కళ్ళద్దాలు వచ్చాయి. వాటితో చూస్తే మచ్చలు పోకపోగా ఇంకా స్పష్టంగా కనబడ్డాయి. బస్సులో కండక్టరు మెడ మీద తామర కనబడింది. నిజంగా ఉందా అని అతన్నే అడుగుదామనుకుని, కొడతాడేమోనని ఊరుకుంది. ఇంటికొచ్చి అహరోను వీపు విప్పించి చూసింది. "నాకేమైనా ఉందా?" అని అతను భయపడితే, "ఏమో, నాకిప్పుడు ఏమీ తెలియడం లేదు," అంది. నిజంగానే ఆమెకేమీ తెలియడం లేదు. ఉన్నది లేదంటున్నారు, లేదన్నది వేలికి తగులుతోంది.

*

మొదటి మెసేజి వచ్చిన అయిదు వారాలకి సత్తెమ్మ తనంతట తానే కబురు పెట్టింది.

మాణిక్యం బస్సు దిగి, ఆటో ఎక్కి, చెరువు గట్టు మీద మైలు దూరం నడిచి వెళ్ళేసరికి సత్తెమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. ఎడమ అరచెయ్యి అంచున పెద్ద బొబ్బ.

"నిన్న గంజి వారుత్తంటే గిన్నె అంటుకున్నట్టుందండీ. నాకు తెలవలేదు. కాలిన వాసనొత్తే, పొయ్యిలో ఏం పడిందా అని చూసుకున్నాను. చూత్తే నా చెయ్యేనండీ."

చెప్పి సత్తెమ్మ నవ్వబోయింది. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. మాణిక్యం బొబ్బ కడిగి కట్టు కట్టి, వేళ్ళు చాపమంది. నాలుగూ చాచుకున్నాయి, చిటికెన వేలు చాచుకోలేదు. కాస్త వంగి ఉండిపోయింది.

"నార్మలన్నారు కదండీ?" అంది సత్తెమ్మ. వెటకారం లేదు ఆ గొంతులో, భయం ఉంది.

మాణిక్యం సంచీలోంచి రిపోర్టు తీసింది. "ఇదిగో, నువ్వే చూడు. నీ చెయ్యి ఫొటో ఇది. దీన్ని చూసే అన్నారు."

సత్తెమ్మ కాగితం అందుకుని చాలాసేపు చూసింది. దూరం పెట్టింది, దగ్గర పెట్టింది.

"ఇది నా చెయ్యి కాదండీ."

"పచ్చబొట్టు చూడవే. తేలు."

"తేలు నాదేనండీ, మాయమ్మ పొడిపించింది. మరి జెల్ల ముల్లు మచ్చేదండీ?"

పదేళ్ళప్పుడు జెల్లచేప ముల్లు గుచ్చి, చీము పట్టి, మానిన మచ్చ. మణికట్టుకి పైన చింతగింజంత ఉంటుంది. మాణిక్యం చెయ్యి చూసింది, మచ్చ ఉంది. ఫొటో చూసింది, లేదు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసింది. ఫొటోలో తేలు ఒక్కటే ఉంది. మిగిలిన చెయ్యంతా పెళ్ళికూతురి చెయ్యిలా నున్నగా మెరుస్తోంది. జబ్బు మచ్చ విషయంలో తన కళ్ళు పొరబడ్డాయనే అనుకుందాం. ముప్పై ఏళ్ళనాటి ముల్లు మచ్చ ఎక్కడికి పోతుంది?

"ఏమోనండీ, మీకు కూడా అలాగే పోయినియ్యి కదండీ," అంది సత్తెమ్మ, మాణిక్యం మెడలోని కార్డు వైపు చూస్తూ. "అమ్మవారి మచ్చలు. కార్డులో ఒక్కటీ లేదు. నే మొదట్నించీ అనుకుంటన్నాను, ఇది మీ చెల్లెలుగారి ఫొటో ఏమోనని."

మాణిక్యం మెళ్ళోంచి కార్డు తీసి చేతిలో పట్టుకుంది. ఆరు నెలలుగా అది తన గుండెల మీదే వేలాడుతోంది. రోజూ అద్దంలో ఒక ముఖం చూసుకుంటోంది, కార్డు మీద ఇంకో ముఖం చూసుకుని మురిసిపోతోంది. రెండూ ఒకటి కావని ఒక్కరోజైనా అనిపించలేదు.

"చీర మార్చుకోవే. ఏలూరు వెళ్దాం," అంది. ఈసారి సత్తెమ్మ మారుమాట్లాడలేదు.

*

వాళ్ళు వెళ్ళేసరికి మీరావలి కంప్యూటరు ముందు కూర్చుని ఎవరో పెళ్ళికూతురి గడ్డం కింద మొటిమ తీసేస్తున్నాడు. పక్కనున్న మంచి చర్మం కొంచెం తెచ్చి మొటిమ మీద పెడతాడు, అంచులు కలుపుతాడు, అంతే. అక్కడ ఎప్పుడూ ఏమీ లేనట్టే ఉంటుంది. మాణిక్యం గుమ్మంలో నిలబడి అదంతా చూసింది. అడగాల్సిన పని లేకపోయినా అడిగింది.

"మీరావలి గారూ, నేనిచ్చిన ఫొటోలు మీరేం చేశారండీ?"

"పంపేశాను కదమ్మా. అందలేదంటున్నారా?"

"ఉన్నవి ఉన్నట్టు పంపారా?"

మీరావలికి కాస్త కష్టమనిపించింది. "ఉన్నవి ఉన్నట్టు ఎలా పంపుతానండీ? ఒక్కో చేతికీ పది నిమిషాలు కూర్చున్నాను. మచ్చలన్నీ తీసి, రంగు సరిచేసి పంపాను. మా స్టూడియోలోంచి మచ్చతో ఒక్క ఫొటో బయటికి పోలేదండీ ఇంతవరకూ. పాపం, ఎండలో నీళ్ళలో పనిచేసుకునే ఆడవాళ్ళు. హైదరాబాదులో పెద్దవాళ్ళెవరో చూస్తారంటిరి. మనూరి వాళ్ళ ఒళ్ళు అలా చూపిస్తామా?"

"మరి ఆ ముసలాయన కాలు?"

"కాలు సన్నం చెయ్యడం ఇంకా రాదండీ," అన్నాడు మీరావలి సిగ్గుపడుతూ. "నేర్చుకుంటున్నాను."

మాణిక్యానికి నవ్వొచ్చింది. వెంటనే ఆ నవ్వు మీద అసహ్యం వేసింది. ఈ పెద్దమనిషిని నాలుగు దులిపేద్దామని బస్సులో దారంతా మాటలు కూడబలుక్కుని వచ్చింది. ఇప్పుడు చూస్తే తిట్టడానికి చోటు దొరకడం లేదు. ఎందుకు పంపుతున్నదో తను చెప్పిందా? చెప్పలేదు. పోనీ ఇప్పుడు చెప్పాలి. నోరు తెరిచింది. పక్కన సత్తెమ్మ ఉంది, బయట వరండాలో ఫొటోల కోసం ఒక కుటుంబం కూర్చుని ఉంది. ఇరవయ్యారేళ్ళ అలవాటు గొంతుకి అడ్డం పడింది.

"అవి... ఆ మచ్చలు... అవి చూడడానికేనండీ పంపింది. అదొక..."

"నాకు పెద్దరోగమంటండీ," అంది సత్తెమ్మ.

మాణిక్యం గిర్రున తిరిగి చూసింది. ఆ పేరు సత్తెమ్మ ముందు ఆమె ఎన్నడూ అనలేదు. మచ్చల జబ్బనీ, నరాల నీరసమనీ తిప్పి తిప్పి చెప్పింది.

"మా మేనత్తకుండేదండీ. నాకు తెలీదాండీ ఆ మచ్చలు?" అంది సత్తెమ్మ నేల చూపులు చూస్తూ. "నార్మలన్నారంటే, పోన్లే, కాదేమోననుకున్నాను. అయిదు వారాలు హాయిగా నిద్రపోయానండీ."

మీరావలి చెయ్యి మౌసు మీదినుంచి జారి ఒళ్ళో పడింది. తరవాత లేచి, ఫొటో తీయించుకునేవాళ్ళ కోసం ఉంచిన మెత్తటి కుర్చీ స్వయంగా మోసుకొచ్చి సత్తెమ్మ పక్కన వేశాడు.

"కూర్చోమ్మా," అన్నాడు.

"అసలు ఫొటోలు ఉన్నాయా అండీ, తుడిచేశారా?" అంది మాణిక్యం.

"నెగెటివ్ పారేసేవాడు ఫొటోగ్రాఫరవుతాడా అండీ?" అంటూ సీడీ వెతికి పెట్టాడు. రెండు ఫొటోలూ తెర మీద పక్కపక్కన తెరిచాడు. ఎడమవైపు డాక్టరమ్మకు వెళ్ళిన చెయ్యి. కుడివైపు, రాగిరంగు మచ్చలతో, ముల్లు మచ్చతో, ఉన్నది ఉన్నట్టున్న చెయ్యి. సత్తెమ్మ రెండింటినీ మార్చి మార్చి చూసింది. కట్టు కట్టిన తన చెయ్యి ఒళ్ళో ఉంది, దాన్ని చూసుకోలేదు.

"ఈయన పది నిమిషాల్లో తీసేశారు," అంది. "మీ మాత్రలకి ఎన్నాళ్ళండీ?"

"ఏడాది."

"మరి ఈ చిటికినేలండీ?"

మాణిక్యం అబద్ధం చెప్పదలుచుకోలేదు. "తెలియదే. ముందే మొదలుపెట్టి ఉంటే తప్పకుండా వచ్చేది. ఇప్పుడు... తెలియదు."

మీరావలి ఆ మాట విన్నాడు. ఆరుగురివీ అసలు ఫొటోలు వరసగా పంపాడు. ఒక్కో ఫొటో వెళ్ళాక, వెళ్ళిందో లేదో రెండుసార్లు చూసుకున్నాడు.

అరగంటలో ఫోను మోగింది. మెసేజి కాదు, మనిషే. డాక్టరమ్మ గొంతు వినడం మాణిక్యానికి అదే మొదలు. ఆమె ఊహించుకున్నంత పెద్ద వయసు గొంతు కాదు. "ఈ చెయ్యి ఇన్నాళ్ళూ ఎందుకు పంపలేదమ్మా?" అని కోప్పడింది డాక్టరమ్మ. ఎక్కడినుంచి మొదలుపెట్టాలో మాణిక్యానికి తెలియలేదు. తప్పయిపోయిందండీ అంది. నరం వాపుకి వేరే మందు ఈ రోజే మొదలుపెట్టాలనీ, ఏలూరులో ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళాలో తనే మాట్లాడి పెడతాననీ చెప్పి ఆవిడ ఫోను పెట్టేసింది. మిగిలిన అయిదుగురిలో, మాణిక్యం అనుకున్నట్టే, ఇద్దరికి అదే జబ్బు, ముగ్గురికి తామరని సాయంత్రానికి తేలింది. మాణిక్యం కళ్ళు ఒక్కచోట కూడా పొరబడలేదు. ఆ మాటకి ఆమెకు సంతోషం కలగాలి. కలగలేదు.

*

తప్పెవరిదన్నది మాణిక్యం చాలా రోజులు తేల్చుకోలేకపోయింది. అడగని మీరావలిదా, చెప్పని తనదా? ఇద్దరూ ఆడవాళ్ళ మర్యాద కాపాడాలనే చూశారు. ఇద్దరి మర్యాదలూ కలిసి సత్తెమ్మ వేలు వంచాయి. చలపతిరావు గారు మెత్తగా, "పోనీలెండి, తెలిసింది కదా," అన్నారు. పోనీలే అనుకోవడం ఆమె వల్ల కాలేదు.

మీరావలి వల్ల కూడా కాలేదు. శుక్రవారం మధ్యాహ్నం నమాజు తరవాత స్టూడియో తియ్యడాయన. నెలకో శుక్రవారం మాణిక్యంతో పాటు బస్సెక్కి గుల్లలంక వచ్చి, సత్తెమ్మ చెయ్యి ఫొటో తనే తీసేవాడు. మాత్రల వల్ల సత్తెమ్మ ఒళ్ళు నల్లబడుతోంది, కొన్నాళ్ళకి పోయే నలుపే అది. ఆ రంగు తెర మీద చూసినప్పుడల్లా ఆయన వేళ్ళు ఊరుకునేవి కావు. చేతులు కట్టుకుని కూర్చునేవాడు.

ప్రతి నెలా మాణిక్యం కాగితం పెట్టి లాగేది. మొదటి నెల వచ్చేసింది. రెండో నెల వచ్చేసింది. సత్తెమ్మ రోజూ నూనె రాసి వేలు సాగదీసుకుంటోంది, ఎడమ చెయ్యి పనికి రాక ట్రేలు కుడిచేత్తో ఈడ్చుకుంటోంది. మూడో నెల కూడా వచ్చేసింది.

నాలుగో నెల మాణిక్యం కాగితం పెట్టి లాగితే రాలేదు.

తన వేళ్ళే జారాయేమో అనుకుంది. కొంగుకి చెయ్యి తుడుచుకుని మళ్ళీ లాగింది. ఆగింది. ఆ సంగతి నమ్మడానికి ఆమెకు ధైర్యం చాల్లేదు. "మీరోసారి లాగండి మీరావలి గారూ," అంది.

మీరావలి పాత నెగెటివ్ పట్టుకున్నంత జాగ్రత్తగా కాగితం కొస పట్టుకుని లాగాడు. సత్తెమ్మ పళ్ళు బిగించింది, నుదుటి మీద చెమట పట్టింది. కాగితం చిరిగింది. చిన్న ముక్క మీరావలి చేతిలోకి వచ్చింది. మిగతాది సత్తెమ్మ వేళ్ళ మధ్యే ఉంది.

ముగ్గురూ దాన్నే చూస్తూ ఉండిపోయారు.

"అలా చూత్తారేంటండీ? ఫొటో తియ్యండి," అంది సత్తెమ్మ. "మళ్ళీ డాక్టరమ్మగారు నమ్మొద్దూ?"

మీరావలి తీశాడు. నల్లబడిన చెయ్యి, ఇంకా కొంచెం వంగే ఉన్న వేలు, జెల్ల ముల్లు మచ్చ, చిరిగిన కాగితం, అన్నీ పడ్డాయి. ఏలూరు వెళ్ళాక దాన్ని తెర మీద పెట్టుకుని చాలాసేపు చూశాడు. తరవాత దేన్నీ ముట్టుకోకుండా అలాగే పంపించేశాడు.